రెండో కొస

రెండు స్టూళ్ళ మీద అడ్డంగా పెట్టిన పలకను ఎడమ మోకాలితో అదిమి పట్టి ఆమె రంపం లాగుతోంది. తొందరపడితే ప్లాస్టిక్కు అంచు పెచ్చులూడుతుంది. మరీ నెమ్మదిగా లాగితే రాపిడి వేడికి మెత్తబడి, కోసిన చోటే మళ్ళీ అంటుకుంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న వేగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేదు. అది ఆమె భుజానికి తెలుసు. ముక్క తెగి కింద పడబోయే ముందు రంపం చప్పుడు మారుతుంది, కాస్త బోలుగా, పలచగా. అది వినపడగానే చెయ్యి తేలిక చేసి, చివరి రెండుసార్లూ పసిపిల్ల గోరు తీసినట్టు లాగుతుంది.

తెల్లటి పొడి ఆమె కనుబొమల మీద, ముంజేతుల నూగు మీద, పెదవుల మూలల్లో పేరుకుని ఉంది. పొద్దున్నే వచ్చిన మనిషి రెండు గంటల్లో ముసలిదైపోయినట్టు కనపడుతుంది. సాయంత్రం కుళాయి దగ్గర కడుక్కుంటే మళ్ళీ నలభై నాలుగేళ్ళ మనిషి బయటికొస్తుంది. మెడ మాత్రం కడిగినా పోని పని. ఇరవై రెండేళ్ళుగా పైకి చూసీ చూసీ, కిందికి వంచితే లోపల ఏదో కటుక్కుమంటుంది.

పలక పది అడుగుల పొడవు, జానెడు వెడల్పు. లేత చెక్కరంగు, మీద కొయ్యచారల్లాంటి చారలు. ఒక అంచున నాలుకలా పొడుచుకొచ్చిన పట్టీ, రెండో అంచున ఆ నాలుక దూరే గాడి. ఒకదాని నాలుక ఇంకోదాని గాడిలోకి తోసి, పైన బిగించిన ఇనుప చట్రానికి డ్రిల్లుతో మరమేకు దించితే, ఆ మేకు తలను తరవాతి పలక వచ్చి కప్పేస్తుంది. గదంతా అయ్యాక కింద నిలబడి చూసేవాళ్ళకు ఒక్క మేకూ కనపడదు, ఒక్క తీగా కనపడదు. ఎవరు చేశారో అంతకన్నా కనపడదు.

రెండో అంతస్తులో పళ్ళ డాక్టరమ్మ కొత్త ఆసుపత్రి అది. ముందు గది అయిపోవచ్చింది. ఇక లోపలి పెద్ద గది ఉంది, తరవాత ఎక్స్‌రే తీసే చిన్న గది. పెద్ద గదిలోకి నాలుగు కుర్చీలు వస్తాయి, వెనక్కి వాల్చేవి. మొదటిరోజే డాక్టరమ్మ నవ్వుతూ చెప్పిందట, తన దగ్గరికి వచ్చేవాళ్ళంతా పడుకుని నోరు తెరుచుకుని పైకే చూస్తారనీ, గీత ఒక్కటి వంకరపోయినా అరగంటసేపు అదే చూస్తూ ఉంటారనీ. ఎల్లుండి తెరవాలి. అందుకే రెండు రోజులుగా కాంట్రాక్టరు పొద్దునా మధ్యాహ్నమూ వచ్చి నెత్తిన నిలబడుతున్నాడు.

పరంజా మీద ఉన్నవాడు ఆమె మొగుడు. అందరికీ మేస్త్రి. ఆమెను మేస్త్రి పెళ్ళాం అంటారు, లేకపోతే మేస్త్రి తెచ్చుకునే మనిషి అంటారు. నిజానికి ఆమె ఈ పనిలోకి వస్తానని వచ్చింది కాదు. పెళ్ళైన మూడో నెలలో ఒకరోజు ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి ఒక బట్టల దుకాణం పైఅంతస్తుకు వెళ్ళింది. ఆ రోజు రెండో మనిషి రాలేదు. పలకను ఒక్కడే ఎత్తలేక, చెమటలు కక్కుతూ, కాస్త ఆ కొస పట్టుకో, ఇప్పుడే అయిపోతుంది అన్నాడు. ఆమె డబ్బా కింద పెట్టి పట్టుకుంది. ఆ ఇప్పుడే ఇంకా అవ్వలేదు.

పొడుగాటి పలకకు రెండు కొసలుంటాయి. మేకు దించే కొసలో ఉన్నవాడు మేస్త్రి. రెండో కొసను రెండు అరచేతులతో పైకెత్తి, కదలకుండా, తుమ్ము వచ్చినా ఆపుకుని నిలబడినవాళ్ళకు పేరు లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఆమె ఏడో నెల దాకా అలా నిలబడింది. కూతురు పుట్టాక పలకలు వచ్చిన అట్టపెట్టెలో పడుకోబెట్టి నిలబడింది. ఆ పిల్లే ఇప్పుడు మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తూ, షాపుకు దగ్గర్లో ఒక గది తీసుకుని ఉంటోంది.

కోయడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆయన కోస్తుంటే చూసి, ఆయన విసుక్కుని వదిలేసినవాటిని సరిచేస్తూ నేర్చుకుంది. అయిదారేళ్ళకు కోత మొత్తం ఆమె చేతికొచ్చింది. ఆయనకు అదీ కలిసొచ్చింది. మీ పనిలో అతుకు ఎక్కడా కనపడదు మేస్త్రీ అని ఎవరైనా అంటే, మన చెయ్యి అలాంటిది అనేవాడు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. తరవాత నవ్వు రావడం మానేసింది.

ఆయనకేమీ రాదని కాదు. గదికి ఆ మూల నిలబడి ఈ మూలన ఉన్న పట్టీ వెంట్రుకవాసి కిందికి జారిందని చెప్పగలడు. రసమట్టం పెట్టి చూస్తే ఆయన చెప్పిందే నిజమయ్యేది. పెళ్ళైన కొత్తలో ఆమె ఆ చూపుకే పడిపోయింది. ఆ చూపు ఇప్పటికీ అలాగే ఉంది, దూరానికి. దగ్గరి చూపే పోయింది. రెండేళ్ళ కిందట ఒకరోజు టేపును ముక్కు దగ్గర పెట్టుకుని, తరవాత చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, ఇది ఎంత వేశాడే, ఈ కంపెనీవాళ్ళు అంకెలు కూడా సరిగా అచ్చు వెయ్యరు అన్నాడు. ఆమెకు అప్పుడే అర్థమైంది.

కళ్ళజోడు పెట్టుకుంటే తీరిపోయే సంగతి. కూతురు డాక్టరు చీటీతో సహా ఒకటి చేయించి తెచ్చింది కూడా. ఒక్కసారి పెట్టుకుని అద్దంలో చూసుకుని తీసేశాడు. జోడు పెట్టుకున్న మేస్త్రిని పరంజా ఎవడు ఎక్కనిస్తాడు అన్నాడు. అది బీరువాలో బట్టల కింద ఉండిపోయింది. అప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్య మాటల్లేని ఏర్పాటు ఒకటి నడుస్తోంది. టేపు కొక్కేన్ని ఆయన గోడకు ఆనించి పట్టుకుంటాడు, డబ్బా కొస ఆమె దగ్గర ఉంటుంది. ఎంత అని ఆయన గద్దిస్తాడు, ఆమె చెబుతుంది. చూసేవాళ్ళకు మేస్త్రి పని చేయిస్తున్నట్టే ఉంటుంది. రెండేళ్ళలో ఒక్క పలక కూడా పొరపాటున తెగలేదు.

తొమ్మిదిన్నరకు కాంట్రాక్టరూ డాక్టరమ్మా కలిసి వచ్చారు. మొగుడూ ఆమే పెద్ద గదిలో కొలత తీస్తున్నారు అప్పుడు. ఎంత అని మొగుడు అడగడం, ఆమె చెప్పబోవడం చూసి కాంట్రాక్టరుకు సరదా పుట్టింది.

"కొలతలు కూడా ఆవిడే చెబుతుందేంటి? ఇంతకీ మీ ఇద్దర్లో మేస్త్రి ఎవరయ్యా?"

డాక్టరమ్మ నవ్వింది. నవ్వడంలో తప్పేమీ లేదు. కానీ మేస్త్రి మొహం కందగడ్డ అయింది. పరంజా దిగి వచ్చి ఆమె చేతిలోంచి టేపు డబ్బా లాక్కుని, నువ్వు ఆ కొసకి పో అన్నాడు. ఆమె వెళ్ళి కొక్కెం పట్టుకునేసరికి కాంట్రాక్టరు మోగుతున్న ఫోను చెవికి పెట్టుకుని ముందు గదిలోకి నడిచాడు, డాక్టరమ్మా వెనకే వెళ్ళింది. మేస్త్రి అవతల గోడ దగ్గర టేపు వంక చూసి, విసురుగా చెప్పాడు.

"రెండు ఎనభై మూడు."

అంటే రెండు వందల ఎనభై మూడు సెంటీమీటర్లు. కాదని ఆమెకు కన్ను చెప్పింది. నేల మీద అడ్డంగా పడుకోబెట్టిన నిండు పలక అవతలి గోడ దాటి వాకిట్లోకి ఎంత పొడుచుకొచ్చిందో కనపడుతూనే ఉంది. బెత్తెడూ పైన నాలుగు వేళ్ళు, అంతే; గది రెండు ఎనభై మూడే అయితే జానెడు పొడుచుకురావాలి. ఇంకోసారి చూడు అంది మెల్లగా.

"చెప్పింది కొయ్యవే. నీ లెక్కలు ఇంటి దగ్గర చూపించు."

మామూలుగా అయితే ఆమె ఏం చేసేదో ఆమెకు తెలుసు. సరేనని తలూపి, ఆయన అటు తిరగగానే తనే కొలుచుకుని, సరైన కొలతకు కోసి, ఆ సంగతి ఆయనకు కూడా చెప్పకుండా అందించేది. అలా ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. ఈసారి టేపు ఆయన నడుముకే ఉందన్నది ఒక సాకు మాత్రమే. అసలు సంగతి ఏమిటంటే ఆమెకు ఒళ్ళు మండింది. ఇంటి దగ్గర చూపించాలట. కొయ్యమన్నాడుగా, కోస్తాను అనుకుంది. మూలమట్టం పెట్టి, గీత గీసి, పన్నెండు పలకలు రెండు ఎనభై మూడుకే కోసింది. ఒక్కొక్కటీ అద్దంలా తెగింది. కోస్తున్నంతసేపూ దవడలు బిగుసుకునే ఉన్నాయి.

మొదటి పలక పైకి వెళ్ళింది. ఆయన కొస చట్రంలో కూర్చుంది. ఆమె ఎత్తి పట్టుకున్న రెండో కొసకూ గోడకూ మధ్య మూడు వేళ్ళు దూరేంత సందు. గోడ వెంట వేసే పట్టీతో కప్పిపెట్టేంత చిన్నది కాదు. ఆయన ఇంకొకటి అడిగాడు. అదీ అంతే. మూడోది అడిగేలోపు, ముందు గదిలో ఫోను మాట్లాడుకుంటున్న కాంట్రాక్టరు లోపలికొచ్చి చూశాడు, వెనకే డాక్టరమ్మ. ఎన్ని కోశారని అడిగాడు. కింద వరసగా పేర్చిన పన్నెండు పలకలనూ తనే లెక్కపెట్టుకున్నాడు. ఇదేంటి మేస్త్రీ అన్నాడు, అరవకుండా, అరిచినదానికన్నా గట్టిగా తగిలేలా.

ఆ క్షణంలో మొగుడు తన వైపు చూస్తాడని ఆమె అనుకుంది. చూడలేదు. మేకులు పెట్టుకునే సంచీలో చెయ్యి పెట్టి వెతుక్కుంటూ చెప్పాడు.

"నేను ఎనభై ఎనిమిదే చెప్పా సార్. దానికి చెవుడు. ఈమధ్య మరీ ఎక్కువైంది."

ఆమె చేతులు ఇంకా పైకే ఉన్నాయి, పలక కొసను మోస్తూ. దించితే పలక పడుతుంది. కాబట్టి ఆ మాటను ఆమె చేతులు పైకెత్తి నిలబడే వింది.

ఎనభై ఎనిమిది అని ఎలా అన్నాడో కూడా ఆమెకు వెంటనే తట్టింది. మూడు తప్పైతే, దానిలా కనపడే ఇంకో అంకె ఎనిమిదే. తన కన్ను ఎక్కడ తడబడిందో ఆయనకు తెలుసు. తెలిసే ఆమె చెవుల మీదికి నెట్టాడు.

ఆ తరవాత జరిగింది ఇంకా కడుపుమంట. డాక్టరమ్మ నిజంగానే మంచిది. జాలిపడి దగ్గరికొచ్చి, ఆమె చెవి పక్కన నోరు పెట్టి, చెవులు ఎప్పుడైనా చూపించుకున్నావా అమ్మా అని గదంతా మోగేలా అడిగింది. తన స్నేహితురాలు చెవుల డాక్టరనీ, చీటీ రాసిస్తాననీ ఒక్కో మాటా విడదీసి, చేతులు తిప్పుతూ చెప్పింది. ఆమె తలూపింది. ఇంకేం చేస్తుంది. నాకు చెవులు బాగానే ఉన్నాయంటే, మరి తప్పు ఎవరిదనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెబితే ఆయన పరంజా ఎక్కే రోజులు అక్కడితో సరి. నోటిదాకా వచ్చినదాన్ని పొడితో సహా మింగింది.

కరెంటు పనివాడు వచ్చి, తీగలు ఎటు లాగాలో ఆమెకు సైగలతో చెప్పాడు. వాచ్‌మన్ టీ తెచ్చి, టీ, టీ అని మొహం మీద అరిచాడు. కాంట్రాక్టరైతే ఆమెతో మాట్లాడటమే మానేసి, ఆమె పక్కనుండగానే, ఆవిడకు చెప్పు అని మొగుడితో అనడం మొదలుపెట్టాడు. ఒక్క పూటలో ఆమె ఆ గదిలోని సామాన్లలో ఒకటైపోయింది.

పొట్టి పలకలు ఎక్స్‌రే గదికి సరిపోతాయనీ, అక్కడ వెడల్పు తక్కువనీ, కట్ట విప్పనివి ఇంకా ఉన్నాయి కాబట్టి ఏదీ వృథా కాదనీ ఆమే మొగుడికి చెప్పింది. ఆయన అయిదు నిమిషాలు ఆగి అదే మాట కాంట్రాక్టరుకు తన ఆలోచనలా చెప్పాడు. కాంట్రాక్టరు మొహం విప్పారింది. అనుభవం ఊరికే పోదు మేస్త్రీ అన్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల మలుపులో కూర్చుని డబ్బాలు విప్పారు. ఆయన నాలుగు ముద్దలు తిన్నాక, ఏదో అన్నాలే, వాళ్ళ ముందు ఇంకేం చెప్పమంటావు అన్నాడు. ఆమె ముద్ద కలుపుతూ ఉంది. అలిగావా అన్నాడు. అలక అన్న మాట వినగానే ఆమెకు అన్నం మీదికి కూడా చెయ్యి పోలేదు. అలిగేది చిన్నపిల్లలు. తనకు వచ్చింది అలక కాదు. ఇరవై రెండేళ్ళుగా ఇంకో పేరు పెట్టి పిలుచుకుంటూ వచ్చినది. అలసట అనుకుంది, మెడనొప్పి అనుకుంది, ఆడదాని బతుకింతే అనుకుంది. అది కోపం. మొదటినుంచీ అది కోపమే.

"ఒక్కమాట అంతే కదే. నీకేం పోయింది?" అన్నాడు ఆయన.

ఆమె డబ్బా మూత పెట్టి లేచింది. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, నడుము నుంచి తీసి కిటికీలో పెట్టిన టేపు తీసుకుని పెద్ద గదిలో నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకు పరిచి చూసింది. రెండు ఎనభై ఎనిమిది, మీద కాస్త.

కుళాయి దగ్గర వడ్రంగి ఎదురయ్యాడు. మూడు రోజులుగా ముందు గదిలో మందుల అలమారాలు బిగిస్తున్నాడు, అరవై దాటిన మనిషి, సొంతంగా చిన్న కార్ఖానా ఉంది. అతను ఒక్కడే ఆమెతో మామూలు గొంతుతో మాట్లాడాడు.

"పన్నెండు పలకలూ చూశాను చెల్లెమ్మా. పక్కపక్కన నిలబెడితే ఒక్కటే పలకలా ఉన్నాయి. అంత కోత కోసే మనిషి కొలత తప్పు వినదు. తప్పు చెబితే తప్ప."

ఆమె కుళాయి కట్టేసింది. అతను తన ఎడమచెయ్యి చాపి చూపించాడు. చూపుడువేలు రెండో కణుపు దాకానే ఉంది. మేస్త్రి టేపు పట్టుకునే తీరు చూశాననీ, తనూ జోడు పెట్టుకోనని మూడేళ్ళు మొండికేశాననీ, చివరికి యంత్రమే నచ్చజెప్పిందనీ అన్నాడు. నవ్వలేదు. కార్ఖానాలో కోత బల్ల దగ్గర మనిషి వెళ్ళిపోయాడట, నెలయింది, సరైనవాళ్ళు దొరకలేదట.

"కొలత నువ్వే తీసుకుంటావు, నువ్వే కోస్తావు. బాగుంటే నీది. తప్పైనా నీదే," అన్నాడు.

తప్పైనా నీదే అన్న ఆ మాట ఆమెకు విచిత్రంగా నచ్చింది. ఆలోచించుకుంటానంది. అతను మళ్ళీ చెప్పించుకోలేదు, కార్ఖానా ఎక్కడో చెప్పి వెళ్ళిపోయాడు.

మూడు గంటలకు కాంట్రాక్టరు మళ్ళీ వచ్చాడు. చేతిలో కాగితం, పెన్ను. ఈసారి తన ముందే కొలవాలన్నాడు. మధ్యలో ఎవరూ వినడాలూ చెప్పడాలూ వద్దు, మేస్త్రి చదవాలి, తను రాసి ఆవిడ చేతికి కాగితం ఇస్తాడు. కొక్కెం తనే పట్టుకుంటానని వెళ్ళి, చెయ్యి పైకెత్తి గోడకు ఆనించాడు.

మేస్త్రి పరంజా మీద టేపు సాగదీసి అవతలి గోడకు చేర్చాడు. మొదట డబ్బాను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. తరవాత తల వెనక్కి వంచాడు. కిటికీ వెలుతురు పడేలా కాస్త తిప్పాడు. చెప్పు మేస్త్రీ అన్నాడు కాంట్రాక్టరు. ఆగండి సార్, టేపు మెలిపడింది అన్నాడు ఆయన. టేపు మెలిపడలేదు.

ఆమె కింద, స్టూళ్ళ మధ్య నిలబడి ఉంది. పొద్దుటినుంచీ మింగిందంతా ఇప్పుడు తనంతట తానే బయటపడబోతోంది. తను ఒక్క మాట అనక్కర్లేదు. నాలుగు ఊపిరులు ఊరుకుంటే చాలు. ఆయన ఏదో ఒక అంకె అంటాడు, ఆ అంకె తప్పవుతుంది, ఈసారి మధ్యలో ఎవరి చెవులూ ఉండవు. కావాలి, ఇది నాకు కావాలి అనుకుంది. ఆయన బొటనవేలు టేపు మీద ఒక గీత నుంచి ఇంకో గీతకు జరగడం కింది నుంచి కనపడింది. మెడ మీద చెమట దిగడం కనపడింది. ఒక ఊపిరి. రెండో ఊపిరి.

"రెండు ఎనభై ఎనిమిది," అంది ఆమె.

అనాలని అనలేదు. రెండేళ్ళుగా ఎంత అన్న చూపుకు జవాబు చెప్పిన నోరు, దానంతట అదే చెప్పేసింది.

"ఆ, ఎనభై ఎనిమిది. పొద్దున నేను చెప్పిందీ అదే కద సార్," అన్నాడు మొగుడు, ఒక్క క్షణం కూడా ఆగకుండా. "చూడండి, గట్టిగా చెబితే గుర్తుపెట్టుకుంటుంది."

కాంట్రాక్టరు రాసుకున్నాడు. కాగితం ఆమె చేతికిచ్చి, ఆమెకు వినపడదన్న ధీమాతోనో, విన్నా ఏమవుతుందన్న ధీమాతోనో, పైకి చూసి అన్నాడు. చెవులు పనిచెయ్యని మనిషి పరంజా కింద ఉండటం ప్రమాదమనీ, రేపట్నుంచి ఇంకో మనిషిని పెట్టుకోమనీ, ఎల్లుండి తెరిచే చోట ఇలాంటివి తను భరించలేననీ.

"అలాగే సార్. మా తమ్ముడు ఖాళీగానే ఉన్నాడు," అన్నాడు మేస్త్రి.

ఆ తమ్ముడు గోడకు మేకు కొడితే పటం నేలచూపులు చూస్తుంది. పదింటిదాకా లేవడు. టేపు చదవమంటే చదువుతాడు గానీ, అన్న చదవలేడని సాయంత్రానికల్లా వీధంతా చెప్పొస్తాడు. ఈ సంగతులన్నీ మొగుడికి తెలుసు. ఆమె లేకపోతే తను ఒక్క రోజు కూడా నెట్టుకురాలేడనీ తెలుసు. తెలిసీ, అడిగినంతసేపు కూడా ఆలోచించకుండా అలాగే సార్ అన్నాడు. రేపు పొద్దున ఇంట్లో ఏదో ఒకటి చెప్పి మళ్ళీ తననే తీసుకొస్తాడని ఆమెకు అర్థమైంది. ఆయన లెక్కలో అదీ ఉంది. ఆమె ఎక్కడికి పోతుంది?

కోపం అప్పటిదాకా వేడిగా ఉంది. ఇప్పుడు చల్లబడింది, చల్లబడి గట్టిపడింది. కాగితం మడిచి కిటికీలో పెట్టింది. ఆ అంకె ఆమెకు కాగితం మీద అక్కర్లేదు. వాకిట్లోకి వెళ్ళి కూతురికి ఫోను చేసింది. సాయంత్రం వస్తున్నాను, ఉండడానికి అంది. అవతల కాసేపు షాపులో ఎవరో మందు పేరు అడగడం వినపడింది.

"రా అమ్మా. మంచం ఒకటే ఉంది, సర్దుకుందాం," అంది కూతురు. ఎన్నాళ్ళని అడగలేదు.

వెనక్కి వచ్చి ఆమె కొత్త కట్టలు విప్పింది. ఆ గదికి ఇరవై నాలుగు పలకలు కావాలి. ఆఖరుది గోడ వెంట నిలువునా చీల్చి బిగించాలి, దాన్ని పక్కన పెట్టి ఇరవై మూడూ కోసింది. ఎప్పుడూ అంత శ్రద్ధగా కోసి ఉండదు. ప్రతి అంచునూ ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్దింది. గాడిలో పొడి లేకుండా ఊదింది. ఒక్కొక్కటే అందించి, రెండో కొస ఎత్తి పట్టుకుంది. పలక వెనక పలక, నాలుక గాడిలో దిగిన ప్రతిసారీ టక్కుమన్న చిన్న చప్పుడు. ఆయన హుషారుగా ఉన్నాడు. గండం గడిచిందనుకున్నాడు. మధ్యలో ఒకసారి పాత పాటేదో కూనిరాగం తీశాడు కూడా. ఆ రాగం విన్నప్పుడు ఆమెకు పలక వదిలేయాలనిపించింది. వదల్లేదు. పని పాడుచేయడం ఆమెకు చేతకాదు.

ఇరవై రెండోది అయ్యాక, ఆగు అని చెప్పి ముందు గదిలోకి వెళ్ళింది. వడ్రంగి సామాను సర్దుకుంటున్నాడు. అతని తుక్కులోంచి పొడుగాటి కర్ర ఒకటి, మూరెడు బద్ద ఒకటి అడిగింది. పొద్దున ఎన్నింటికి రావాలని కూడా అడిగింది. ఎనిమిదింటికన్నాడు. కర్ర కింద పెట్టి, తన ఎత్తూ, చాచిన చేతుల ఎత్తూ కలిపి కొలుచుకుని గీత పెట్టింది. కోసింది. పైన బద్దను అడ్డంగా పెట్టి రెండు మేకులు దించింది. పలక మీద గీతలు పడకుండా బద్దకు గోనెగుడ్డ చుట్టి దారంతో కట్టింది.

ఏం చేస్తున్నావే అన్నాడు మొగుడు పైనుంచి. కర్ర అంది. ఇరవై మూడో పలక అందించింది. ఆయన తన కొస గాడిలోకి తోశాడు. ఆమె రెండో కొసను పైకెత్తి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కర్రను దాని కిందికి నిలబెట్టి, అడుగున కాలితో మెల్లగా లోపలికి తన్నింది. కర్ర బిగుసుకుంది. పలక కదల్లేదు. అప్పుడు ఆమె చేతులు దించింది.

సాయంత్రం అయిదు దాటింది. కిటికీలోంచి ఏటవాలు ఎండ కప్పు మీద పడి చారలన్నీ ఒకే వరసలో మెరుస్తున్నాయి. ఎక్కడా అతుకు లేదు. ఆమె తల ఎత్తి ఒకసారి చివరిదాకా చూసింది. బాగా వచ్చింది. చేతులు దులుపుకుని, రంపాన్ని దాని తొడుగులో పెట్టి భుజాన వేసుకుంది. రంపం ఆమె కొనుక్కున్నది.

"ఎక్కడికే?" అన్నాడు ఆయన, మేకు పళ్ళ మధ్య పెట్టుకుని.

"వేరే మనిషిని పెట్టుకొమ్మన్నాడుగా."

"రేపట్నుంచి కదా అన్నాడు."

"నేను చెవిటిదాన్ని. ఇవాళ్టి నుంచి అని వినపడింది."

ఆయన నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. దిగుదామంటే రెండు చేతులూ పలక మీదే ఉన్నాయి, మేకు ఇంకా దించలేదు. ఉండవే, ఇది బిగించనీ, మాట్లాడుకుందాం అన్నాడు. కూతురి దగ్గర ఉంటానని ఆమె చెప్పింది. బీరువాలో బట్టల కింద కళ్ళజోడు ఉందని కూడా చెప్పింది. గొంతు పెంచలేదు. చెప్పాల్సింది ఇంకా చాలా ఉందనుకుంది గానీ, చెప్పడానికి చూస్తే అంతే ఉంది.

కుళాయి దగ్గర మొహం, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. కరెంటు పనివాడు ఎదురై, వెళ్తున్నావా అని సైగ చేశాడు. మామూలుగా మాట్లాడు, వినపడుతుంది అంది ఆమె. అతను బిత్తరపోయి తప్పుకున్నాడు.

మెట్లు దిగుతుంటే పైనుంచి డ్రిల్లు చప్పుడు వినపడింది, ఒకసారి, రెండోసారి. ఆగింది. తరవాత టేపు సర్రుమని సాగిన చప్పుడు. ఆఖరు పలక వెడల్పు. గోడకూ ఇరవై మూడో పలకకూ మధ్య మిగిలినది. చిన్న అంకె, దగ్గరగా చూడాల్సిన అంకె. చాలాసేపు ఏమీ వినపడలేదు.

"ఏమే, ఎంత?" అన్న కేక మెట్ల వెంట దొర్లుకుంటూ వచ్చింది. మళ్ళీ ఇంకోసారి, ఇంకాస్త సన్నగా. "ఎంతే?"

ఆమెకు రెండూ స్పష్టంగా వినపడ్డాయి. పళ్ళు బిగపట్టుకుని, నోరు తెరవకుండా, మిగిలిన మెట్లన్నీ దిగి వీధిలోకి వెళ్ళిపోయింది.

పైన, ఇంకా కుర్చీలు రాని ఆ గదిలో, గోనెగుడ్డ చుట్టిన కర్ర పలక కింద నిటారుగా నిలబడి ఉంది.